మాల్యాద్రి షెడ్డులో కారు

“లక్షా తొంభై రెండు వేలు,” అన్నాడు మురళీకృష్ణ, ఫోను తండ్రి ముందుకు జరుపుతూ. ఆ మాట అనడం అది మూడోసారి.

మొదటిసారి అన్నప్పుడు శ్రీమన్నారాయణ వినపడనట్టు ఊరుకున్నాడు. రెండోసారికి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఇప్పుడు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, తిరిగి పెట్టుకుని, నెల్లూరు షోరూం నుంచి వచ్చిన ఎస్టిమేటును పైనుంచి కిందిదాకా చదివాడు.

“ఏందిరా ఇది? బండి బాగుచేసేదానికా, కొత్తది కొనేదానికా?”

“లోపల కంప్యూటరు మార్చాలంట నాయనా. వైరింగంతా మార్చాలంట. నిన్న వాళ్ళ మనిషి ఉదయగిరి దాకా వచ్చి లాప్‌టాప్ తగిలించి చూసినాడు గదా. ఆరేళ్ళుగా మన సర్వీసింగంతా వాళ్ళ దగ్గరే. వాళ్ళు ఊరికే చెప్పరు.”

“వాళ్ళు ఊరికే చెప్పరు సరే. బండి ఊరికే చెడుతుందా?” వంటింటి గడపలో నిలబడి అందుకుంది వసంతకుమారి. “దాన్ని ఆ గతి పట్టించిన మహాతల్లి ఆడనే నిలబడి ఉండాది, అడగండి.”

ఆ మహాతల్లి ఇందు. ఈ ఇంటి పెద్దకోడలు, మురళీకృష్ణ భార్య. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, నేల వంక చూస్తూ ఉంది. ఆత్మకూరు బజారులో ఈ కుటుంబానికి హోల్‌సేల్ కిరాణా ఉంది. ఉదయగిరిలో రెండో దుకాణం. మూతపడబోయిన ఆ రెండో దుకాణాన్ని రెండేళ్ళుగా రోజూ కారు నడుపుకుంటూ పోయి వచ్చి నిలబెట్టింది ఈ పిల్లే. మొన్న వానలో ఆ దుకాణం ముందే కారు ఆగిపోయింది. ఆగింది ఆగినట్టే ఉంది.

“మొన్నటిదాకా బాగానే నడిచింది అత్తయ్యా. దాన్ని నేనేం చేసినాను?”

“నాకేం తెలుసు? గుంటల్లో దూకించినావో, బురదలో దొర్లించినావో! కొన్ననాటి నుంచి శుక్రవారం తప్పకుండా బానెట్టు మీద తమలపాకు పెట్టి, బెల్లమూ నానబెట్టిన శనగలూ నైవేద్యం పెట్టి, అద్దం నిండా అక్షింతలు చల్లి, కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటా వస్తుండా నేను. దానికి ఒక్కనాడు తలనొప్పి రాలేదు. నీ చేతికొచ్చిన రెండేళ్ళకే మంచాన పడింది.”

వసంతకుమారి నోరు మంచిది కాదని ఆత్మకూరు బజారంతా ఎరుగుదురు. మనసు మంచిదని కొందరే ఎరుగుదురు. ఆ కొందరిలో కోడలు ఉన్నదో లేదో ఇంకా తేలలేదు.

“అమ్మా, నువ్వు ఊరుకో,” అన్నాడు మురళీకృష్ణ. “షోరూంకు లాగించుకుని పోదాం. డబ్బు పోతే పోయింది, గ్యారంటీ ఉంటుంది.”

“పోతే పోయిందా!” శ్రీమన్నారాయణ గొంతు లేచింది. “కిలో చింతపండు మీద మనకు ఎంత మిగులుతుందో తెలిసినోడు అనే మాటేనారా అది?”

అప్పుడు ఇందు తలెత్తింది. “ఒకసారి మాల్యాద్రికి చూపిద్దాం మామయ్యా.”

“ఎవరా మాల్యాద్రి?”

“ఉదయగిరిలో మన దుకాణం అవతలే ఆయన షెడ్డు. ముప్పై ఏళ్ళుగా మెకానిక్కు పని చేస్తుండాడు.”

మురళీకృష్ణ నవ్వాడు. “రేకుల షెడ్డులో కంప్యూటరు బండి! ఒకటి బాగుచేసి రెండు చెడగొడతాడు. డూప్లికేటు సామాను తగిలించి పంపుతాడు.”

“రెండేళ్ళుగా రోజూ చూస్తుండా నేను. ఆయన చేతిలోంచి పోయిన బండి మళ్ళీ అదే జబ్బుతో తిరిగి రావడం చూళ్ళా. మీరు ఒక్కరోజన్నా ఆ షెడ్డు ముందర నిలబడినారా?”

అందరూ శ్రీమన్నారాయణ వంక చూశారు. ఈ ఇంట్లో అరుపులకు ఎవరూ భయపడరు, ఆయన మాట్లాడకుండా కూర్చుంటేనే భయపడతారు. ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

“రేపు ఒక్కరోజు,” అన్నాడు చివరికి. “ఆయన చేస్తే సరి. చెయ్యకుంటే బండిని వచ్చినకాడికి అమ్మేస్తా. అది ఒక సంగతి. రెండోది, బండి ఎవరి చేతిమీద చెడిందో తేలాల. ఇంటి కట్టు నీకు తెలుసు గదా అమ్మాయ్?”

తెలియకేం! ఆ కట్టు శ్రీమన్నారాయణ తండ్రి పెట్టిపోయింది. చేజేతులా వ్యాపారానికి నష్టం తెచ్చినవాళ్ళు తమ దగ్గరున్న తాళాలు దించి ఇంటి పెద్ద చేతిలో పెట్టాలి. శ్రీమన్నారాయణ సొంత తమ్ముడు రామనారాయణ పదిహేనేళ్ళ కిందట పసుపు లోడు మీద పట్ట కప్పడం మరిచి వానకు తడిపాడు. ఆనాడు తాళాలు దించినవాడు ఈనాటికీ గల్లా దగ్గర కూర్చోలేదు. కారు ఇందు అజాగ్రత్త వల్ల చెడిందని తేలితే, సోమవారం నుంచి ఉదయగిరి దుకాణం చిన్నకొడుకు సాయి చేతికి పోతుంది.

ఈ కట్టును నిన్న అందరికంటే ముందుగా గుర్తుచేసింది వసంతకుమారే.

“నేను కూడా పోతా ఉదయగిరికి,” అన్నది ఇప్పుడు. “కళ్ళారా చూస్తే గానీ నమ్మను. వీళ్ళూ వీళ్ళూ కలిసి ఏం కథ అల్లుతారో!”

ఇందు కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

* * *

మర్నాడు పొద్దున ఏడింటి బస్సులో అత్తాకోడళ్ళు ఒకే సీటులో, మధ్యలో సంచి పెట్టుకుని కూర్చున్నారు. “ఇద్దరూ ఒకటేనా అమ్మా?” అని కండక్టరు అడిగితే, “టికెట్టు వరకు ఒకటే,” అన్నది వసంతకుమారి. ఉదయగిరిలో దిగేదాకా వాళ్ళ మధ్య నడిచిన సంభాషణ అంతే.

మెకానిక్ షెడ్డు అంటే నల్లనూనె మడుగులు, బీడీ పొగ, బూతుమాటలు ఉంటాయని వసంతకుమారి చీర కుచ్చిళ్ళు ముందే ఎత్తి పట్టుకుని వచ్చింది. తీరా చూస్తే నేల చిమ్మి ఉంది. గోడకు పెద్ద చెక్క కొట్టి, పనిముట్లన్నీ మేకులకు తగిలించి ఉన్నాయి. ఒక్కో పనిముట్టు వెనక చెక్క మీద దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంది. సాయంత్రానికి ఏ బొమ్మ అయినా ఖాళీగా కనపడితే, ఆ పనిముట్టు దొరికేదాకా మాల్యాద్రి షెడ్డు మూయడట. దుకాణంలో రాళ్ళూ తూకాలూ తను పెట్టుకునే పద్ధతి అదే. అయినా వసంతకుమారి మెచ్చుకోలు బయటికి రానివ్వలేదు.

మాల్యాద్రి సన్నగా, పొడుగ్గా, యాభై దాటిన మనిషి. కళ్ళజోడుకు దారం కట్టి మెడలో వేసుకున్నాడు. కారును అప్పటికే దుకాణం ముందునుంచి తోయించుకుని వచ్చాడు గాని, దాని మీద చెయ్యి వెయ్యలేదు.

“కూర్చోండమ్మా,” అని ఆమెకు కుర్చీ వేసి, ఇందు వైపు తిరిగాడు. “ఆగేముందు ఏం చేసిందమ్మా?”

“వైపర్లు వాటంతట అవే తిరిగినాయి. హారన్ దానంతట అదే మోగింది. ఆ తర్వాత ఆగిపోయింది.”

“ఇంటికాడ బండిని ఎటు వాలుగా పెడతారు?”

“ర్యాంపు మీద. మూతి ఎగువకి.”

“బండి ఆగిందంటే ఇంటి వాలు అడుగుతావేంది నాయనా?” వసంతకుమారి ఉండబట్టలేకపోయింది. “వాస్తు చెప్తావా?”

మాల్యాద్రి నవ్వాడు. “నీళ్ళకు వాస్తు తెలీదమ్మా, పల్లం ఒక్కటే తెలుసు. మూతి ఎగువకి పెడితే వాననీళ్ళు వెనక్కి, లోపలికి చూస్తాయి.”

చెప్పులు విడిచి, ఎడమపక్క తలుపు తీసి, ఉత్త పాదం లోపల పట్టా మీద ఆనించాడు. కాసేపు అట్లాగే నిలబడ్డాడు. “ఈ పక్క చెమ్మ ఉండాది,” అన్నాడు. తర్వాత అరచేతిలో పట్టే చిన్న మిషను ఒకటి తెచ్చి స్టీరింగు కింద తగిలించాడు.

“అది షోరూం వాళ్ళ దగ్గర కూడా ఉండాదంట గదా?” అన్నది వసంతకుమారి.

“ఉండాది. దీనికంటే మంచిది ఉండాది. దొంగ ఏ వీధిలో దూరినాడో మిషను చెప్తుందమ్మా. ఏ ఇంట్లో ఉండాడనేది మనం దిగి వెతుక్కోవాల్సిందే.”

చెంబుతో నీళ్ళు తెప్పించాడు. ముందద్దం మీద ధారగా పోశాడు. పోసి, కారులోకి పోయి కూర్చుని తలుపు వేసుకోబోతూ ఆగి అన్నాడు. “అమ్మా, తప్పుగా అనుకోబాకండి. ఒక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు.”

వసంతకుమారిని పెళ్ళయినాక నోరు మూసుకోమని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగినంతసేపూ మూయించగలిగినవాడు మాల్యాద్రి ఒక్కడే. షెడ్డంతా సద్దుమణిగింది. మాల్యాద్రి కళ్ళు మూసుకుని కారులో కూర్చున్నాడు. కాసేపటికి డాష్‌బోర్డు లోపల ఎక్కడో టప్పుమని ఒక చుక్క పడింది. ఇంకాసేపటికి ఇంకొకటి.

“దొరికినాడు,” అన్నాడు మాల్యాద్రి కళ్ళు తెరిచి.

పని మొదలుపెట్టాడు. నేల మీద తెల్లటి పాత పంచెగుడ్డ పరిచి, విప్పిన ప్రతి మరమేకునూ విప్పిన వరసలోనే దాని మీద పెట్టుకుంటూ పోయాడు. వసంతకుమారి కుర్చీ దగ్గరికి జరుపుకుని మనసులో లెక్క పెట్టింది. పదకొండు మరలు. బిగించేటప్పుడు పదే బిగిస్తే పట్టుకుందామని ఆమె ఉద్దేశం.

“అయితే ఆ షోరూం వాళ్ళు దొంగలే గదా?” అని అడిగింది. “రెండు లక్షలకు నోరు తెరిచినారు!”

“ఆ మాట అనబాకండమ్మా.” మాల్యాద్రి వైపర్లు ఊడదీసి పక్కన పెట్టాడు. “వాళ్ళకి రోజుకు శానా బండ్లు వస్తాయి. ఒక్కో దాంట్లో కూర్చుని చుక్క పడతదా అని వినే తీరిక వాళ్ళకుండదు. సామాను మొత్తం మారిస్తే ఆ జబ్బు మళ్ళీ రాదు, అది వాళ్ళ లెక్క. వాళ్ళది మార్చే పని. నా దగ్గర మార్చేదానికి సామాను లేదు గదా, అందుకని బాగుచేస్తా.”

అంటూ అద్దం కింది నల్లజాలీ ఒక అంచు లేపాడు. టక్కుమని శబ్దం వచ్చింది. మాల్యాద్రి చెయ్యి ఆపి, విరిగిన చిన్న ప్లాస్టిక్ ముక్క వేళ్ళతో తీసి, లేచి వచ్చి వసంతకుమారి ముందు చెయ్యి చాపాడు.

“క్లిప్పు ఒకటి నా చేతిలో ఇరిగిందమ్మా. తొందరపడినా. తప్పు నాది. దీని డబ్బు మీరు ఇయ్యొద్దు, నేనే వేస్తా.”

ఆమె ఆ ముక్క వంక, అతని మొహం వంక మార్చి మార్చి చూసింది. అతను చెప్పకపోతే లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. మళ్ళీ జాలీ మూస్తే ఆ క్లిప్పు సంగతి దేవుడికి కూడా కనపడదు. ఇన్నేళ్ళ బేరంలో సరుకు తడిస్తే వాన మీద, పురుగు పడితే మిల్లు మీద, తూకం తగ్గితే కూలివాడి మీద నెట్టిన పెద్దమనుషుల్ని ఆమె ఎందరినో చూసింది. అడగకముందే లేచి వచ్చి తప్పు నాదన్న మనిషిని చూడడం ఇదే మొదలు.

“సరేలే నాయనా. పని చూసుకో,” అన్నది మెత్తగా. ఇందు ఆశ్చర్యంగా అత్త వైపు చూసింది.

మాల్యాద్రి నల్లజాలీ పూర్తిగా తీశాడు. దాని కింద కాలువలాంటి తొట్టి ఉంది. అద్దం మీద పడిన వాననీళ్ళు ఆ తొట్టిలో దిగి, మూలనున్న కంత గుండా కిందికి పోవాలి. కంత కనపడలేదు. అక్కడ పసుపుపచ్చగా గట్టిపడిన ముద్ద ఒకటి ఉంది. మాల్యాద్రి స్క్రూడ్రైవరు వెనక్కి పెట్టి, వేలితోనే దాన్ని కొద్దికొద్దిగా పెకలించి పాత పేపరు మీద వేశాడు.

పసుపు పట్టిన బియ్యం. నల్లబడిన బెల్లపు జిగురు. ఎండిన పూలరేకులు. పుల్లలైపోయిన తమలపాకుల ఈనెలు. అన్నిటి పైనా, మొన్నటి వానకు తడిసి తెల్లగా మొలకలెత్తిన శనగలు.

వసంతకుమారి కుర్చీలోంచి లేచింది. లేచి ఎందుకు లేచానా అన్నట్టు నిలబడిపోయింది. ఆ అక్షింతలు తను కలిపినవే. ఆ శనగలు తను గురువారం రాత్రి గిన్నెలో పోసి నానబెట్టినవే. ఆరేళ్ళ శుక్రవారాలన్నీ అక్కడ ముద్దకట్టి కూర్చున్నాయి. ఇందు కూడా చూసింది. అత్త మొహం వంక ఒక్కసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

మాల్యాద్రికి అర్థం కాకుండా ఉంటుందా! కానీ ఎవరు పెట్టారమ్మా అని అతను అడగలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో ఇందుకు అందించాడు.

“దేవుడి సామాను, కాళ్ళ కింద పడగూడదు. ఏదన్నా చెట్టు మొదట్లో పొయ్యండి. బండి మీద ఏం పెట్టినా, కదిలించే ముందర ఒక గుడ్డతో తుడిచెయ్యండమ్మా. అంతే, ఇంకేం లేదు.”

తర్వాత గంటసేపు వసంతకుమారి చూస్తూ కూర్చుంది. దారి లేని నీళ్ళు లోపలికి పొర్లి కంప్యూటరు పెట్టె మీదికి కారాయి. పెట్టె బాగానే ఉంది, దానికి తగిలే పిన్నులకు ఆకుపచ్చగా చిలుము పట్టింది. మాల్యాద్రి పళ్ళు తోముకునే బ్రష్షు లాంటి చిన్న కుంచెతో, ఒక్కొక్క పిన్నునూ మందు రాసి రుద్ది, వేడిగాలి కొట్టి, భూతద్దం పెట్టి చూసి, నచ్చకపోతే మళ్ళీ రుద్దాడు. నలభై పైచిలుకు పిన్నులు. ఒక్కదాన్ని కూడా ‘పోనీలే’ అనలేదు. చూస్తున్నకొద్దీ ఆమెకు అతని మీద గౌరవం పెరిగిపోయింది. తన మీద తనకు అంతకంత తగ్గిపోయింది.

పదకొండు మరలూ బిగించాడు. కొత్త క్లిప్పు వేశాడు. “తాళం తిప్పమ్మా,” అన్నాడు ఇందుతో.

కారు మొదటి తిప్పుకే లేచింది. ఇందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మూడువేల ఎనిమిది వందలు ఇయ్యండి,” అన్నాడు మాల్యాద్రి. “ఈ ఎర్రలైటు ఒకటి వెలుగుతుండాది, చూసినారా? అది ఎయిర్‌బ్యాగుది. ప్రాణాలతో పని. దాని మీద చెయ్యి పెట్టే చదువు నాకు లేదు. దానికి మాత్రం షోరూంకే పోండి, వాళ్ళు అడిగింది ఇచ్చి చేయించుకోండి. అది బాగయ్యేదాకా నిదానంగా నడపండి.”

వసంతకుమారి పర్సు తీసి డబ్బు ఇచ్చింది. బేరం ఆడలేదు. ఆత్మకూరు బజారులో చెబితే ఎవరూ నమ్మరు.

“నీ చేతికి దండం నాయనా,” అన్నది.

* * *

తిరుగుదారిలో దుత్తలూరు దాటారు. ఇందు నిదానంగా నడుపుతోంది. పేపరు పొట్లం వసంతకుమారి ఒళ్ళో ఉంది.

“మీ మామ అడుగుతాడు,” అన్నది చివరికి. “ఏం చెప్తావు?”

“నీళ్ళు పోయినాయని చెప్తా.”

“ఎట్టా పోయినాయని అడుగుతాడు. ఆయన్ని ఎరగవా? అడుగు తేలేదాకా వదలడు.”

“చెత్త పేరుకుపోయిందని చెప్తా. నేను చూసుకోలేదని చెప్తా.”

“అంటే నీ మీద వేసుకుంటావా?”

ఎదురుగా గొర్రెలమంద అడ్డం వస్తే ఇందు బండి ఆపింది. గొర్రెలు పోయేదాకా స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూ కూర్చుని, అప్పుడు అన్నది.

“మీ మీద నాకు కోపం లేదనుకోబాకండి అత్తయ్యా. ఉండాది. శానా ఉండాది. నిన్న మీరన్న మాటలు నేను మరిచిపోలా. ఆ ముద్ద కనపడినప్పుడు, దీన్ని తీసుకపోయి నేరుగా మామయ్య ముందర పోస్తే ఎట్టుంటుందా అనుకున్నా.”

“మరి పొయ్యి! ఎవరొద్దన్నారు?”

“ఒక శుక్రవారం నేను వరండాలో చెప్పులు వేసుకుంటుండా. మీరు నన్ను చూళ్ళా. అక్షింతలు వేస్తా ‘మా పిల్ల క్షేమంగా పోయి రావాల’ అంటుండారు. వారం వారం అదే అంటారంట గదా, పనిమనిషి చెప్పింది. నా మొహం మీద ఒక్కరోజు మంచిమాట అన్లేదు మీరు. ఆడ మాత్రం నా పేరున దండం పెట్టుకుంటారు. దాన్ని తీసి నేను నలుగురిలో నవ్వులపాలు ఎట్టా చేసేది?”

వసంతకుమారి కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తున్నట్టు కోడలికి తెలియకూడదని గట్టిగా దగ్గింది. దగ్గు ఎవరిని మోసం చేస్తుంది? ఇందు సంచిలోంచి నీళ్ళసీసా తీసి పక్కన పెట్టింది.

“దుకాణం పోతుందే పిచ్చిదానా,” అన్నది వసంతకుమారి కాసేపటికి.

“తెలుసు.”

“రెండేళ్ళు ఎండనకా వాననకా తిరిగి నిలబెట్టినావు.”

“తెలుసు అత్తయ్యా. మళ్ళీ మళ్ళీ చెప్పబాకండి.” ఇందు గొంతు వణికింది. ఆ వణుకు అత్త గుండెల్లో గుచ్చుకుంది.

* * *

కారు దానంతట అది ర్యాంపు ఎక్కేసరికి మురళీకృష్ణ పరుగున బయటికి వచ్చాడు. బానెట్టు ఎత్తి చూశాడు, హారన్ కొట్టి చూశాడు, వైపర్లు వేసి చూశాడు.

“ఎంత తీసుకున్నాడు?”

“మూడువేల ఎనిమిది వందలు,” అన్నది వసంతకుమారి.

అతను తల్లి వంక, భార్య వంక చూసి, బానెట్టు దించాడు. లోపల పడక్కుర్చీలో శ్రీమన్నారాయణ కూర్చుని ఉన్నాడు. సందె దీపం అప్పుడే పెట్టారు. సాయి కూడా దుకాణం నుంచి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

“బండి బాగయింది. సంతోషం,” అన్నాడు శ్రీమన్నారాయణ. “ఆ మాల్యాద్రి ఎవరో గట్టివాడే. మరి చెడిందెట్టా?”

“లోపలికి నీళ్ళు పోయినాయి మామయ్యా.”

“వాన అందరి బండ్ల మీదా పడింది గదా. మన దాంట్లోకే ఎట్టా పోయినాయి?”

“అద్దం కింద జాలీలో చెత్త పేరుకుని నీళ్ళ దారి మూసుకుపోయింది.”

“రోజూ నడిపే మనిషి చూసుకోవద్దా?”

“చూసుకోవాల. చూసుకోలా.” ఇందు ఆగింది. “తప్పు నాదే మామయ్యా.”

శ్రీమన్నారాయణ ఊపిరి బరువుగా తీశాడు. ఆయనకు కోడలంటే ఇష్టమే. కానీ తమ్ముణ్ణి గల్లా మీదినుంచి లేపిన మనిషి, కోడలి దగ్గర కట్టు సడలిస్తే ఆ తమ్ముడి మొహం ఎట్లా చూస్తాడు? కుడిచెయ్యి ముందుకు చాపాడు.

“ఉదయగిరి తాళాలు ఇట్టా ఇయ్యి అమ్మాయ్.”

ఇందు సంచిలో చెయ్యి పెట్టింది. సాయి తల దించుకున్నాడు. ఇందు చేతికి తాళాలు దొరికిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది.

“ఆగు,” అన్నది వసంతకుమారి.

“అత్తయ్యా, వద్దు.”

“నువ్వు ఊరుకో! మా ఇంట్లో నాకే ఎదురు చెప్తావా?” ఆమె వచ్చి కోడలికీ భర్తకీ మధ్యలో నిలబడింది. పొట్లం విప్పి ఆయన పక్కనున్న స్టూలు మీద పెట్టింది. “ఇదీ ఆ చెత్త. చూడండి. నా అక్షింతలు, నా బెల్లం, నా శనగలు. ఆరేళ్ళుగా నీళ్ళ దారిలో నేనే పోసినా. ఈ పిల్లకు పొద్దున్నే తెలుసు. తెలిసే మీ ముందర నా తప్పు తన నెత్తిన వేసుకుంది.”

శ్రీమన్నారాయణ ఆ మొలకల వంక చూస్తూ ఉండిపోయాడు.

“పూజ చేస్తే తప్పేందమ్మా?” అన్నాడు మురళీకృష్ణ. “నువ్వేమన్నా కావాలని చేసినావా?”

“మీ చిన్నాయన కావాలనే తడిపినాడంట్రా పసుపు?” ఆమె కొడుకు వైపు తిరగను కూడా లేదు. “పూజ తప్పు కాదు. చేసి తుడవకపోవడం తప్పు. నేను చెడగొట్టి, కళ్ళతో చూడకుండా ఈ పిల్ల మీద వెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. ఏమండీ, మీ నాయన పెట్టిన కట్టులో అత్తకు ఒకటి, కోడలికి ఒకటి అని ఉండాదా? ఉంటే చెప్పండి.”



వసంతకుమారి నడుముకు దోపుకున్న గుత్తి తీసింది. గల్లాపెట్టె, ఇనప్పెట్టె, గోడౌను, అటక మీది భోషాణం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆత్మకూరు దుకాణం ఆ గుత్తి మీదే నడిచింది. ఏ తాళం దేనిదో ఆమెకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. పురిటిమంచం మీద కూడా దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్న మనిషి. ఇప్పుడు దాన్ని తీసి, కోడలి తాళాల కోసం చాపిన భర్త అరచేతిలో పెట్టింది.

“తీసుకుంటే ఇవి తీసుకోండి. రేపు పొద్దున గల్లా మీద ఎవరిని కూర్చోబెట్టుకుంటారో మీ ఇష్టం. నా తప్పుకు ఆ పిల్ల తాళాలు మాత్రం మీరు తాకబాకండి.”

ఇందు అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. వసంతకుమారి విడిపించుకోలేదు. శ్రీమన్నారాయణ భార్య మొహం వంక చూశాడు, చేతిలోని గుత్తి వంక చూశాడు. తీసుకోవాలో తిరిగి ఇవ్వాలో తేలక, ఆ చెయ్యి గుత్తి మీద మూసుకోలేదు.